సీనియర్‌ను అడగడం ఎలా, కక్షిదారుకు చెప్పడం ఎలా?
న్యాయవాద వృత్తిలోని చిక్కులపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల కోర్టులలో పనిచేస్తున్న తెలుగు న్యాయవాదులవి. వీటిలో చట్టం గురించిన సందేహాలు తక్కువ. ఆఫీసులో, బార్ అసోసియేషన్ హాలులో, సొంత ఇంటి వసారాలో ఎవరితో ఏ మాట ఎలా అనాలో తెలియక పడుతున్న అవస్థ ఎక్కువ. ఊరందరికీ ఒప్పంద పత్రాలు రాసిపెట్టే న్యాయవాది తన ఫీజు గురించి, తన పనివేళల గురించి, సీనియర్‌తో తనకున్న ఏర్పాటు గురించి ఒక్క వాక్యమైనా రాసుకోడు. ఈ ఉత్తరాలలోని బాధలు చాలావరకు అక్కడే మొదలయ్యాయని నా అభిప్రాయం. రాసినవారిని గుర్తుపట్టే వివరాలు తీసివేసి ప్రశ్నలను కుదించాము.

ప్రశ్న: పర్లాకిమిడిలో ఒక సీనియర్ దగ్గర రెండేళ్లుగా జూనియర్‌గా ఉన్నాను. ఆయన మా నాన్నగారి స్నేహితులు. చిన్నప్పటి నుంచి బాబాయిగారనే పిలుస్తాను. వాయిదాలు అడగడం, నకళ్లకు దరఖాస్తు పెట్టడం, గుమస్తా రాని రోజు ఫైళ్లు మోయడం, ఇదే నా పని. ఇంతవరకు ఒక్క సాక్షిని కూడా క్రాస్ (ఎదురు విచారణ) చేయలేదు. పండుగలకు ఎంతో కొంత చేతిలో పెడతారు. నెలనెలా ఏమీ లేదు. అడిగితే విశ్వాసం లేనిదాన్నని అనుకుంటారేమోనని భయం.

జవాబు: మీ ఉత్తరంలో పని, డబ్బు అనే రెండు కోరికలు కలిసిపోయాయి. రెంటినీ ఒకే రోజు అడగకండి. ముందు పని అడగండి. డబ్బు అడిగితే "ఈ నెల నాకే రాలేదమ్మా" అన్న ఒక్క మాటతో సంభాషణ ముగిసిపోతుంది. పని అడిగితే అంత తేలికగా తోసిపుచ్చడం ఏ సీనియర్‌కూ సాధ్యం కాదు. పైగా ఈ రెండేళ్లలో మీకు జరిగిన పెద్ద నష్టం స్టైఫండ్ కాదు, సాక్షి ఎదుట నిలబడే అలవాటు రాకపోవడం.

అయితే "నాకు కూడా అవకాశం ఇవ్వండి" అని పొడిగా అడగడం వల్ల ఉపయోగం లేదు. మీ ఆఫీసులో నడుస్తున్న దావాలలో విచారణకు వచ్చిన వాటిని చూడండి. ప్రధాన సాక్షిని మీకు వదలరు, వదలకూడదు కూడా. కమిషనర్‌గా వెళ్లి భూమి కొలిచిన అమీనో, దస్తావేజు మీద సంతకం చేసిన సాక్షో ఉంటాడు. అటువంటివారిలో ఒకరిని ఎంచుకోండి. అడగదలచిన ప్రశ్నలు రాసి, ప్రతి ప్రశ్న పక్కన అది ఎందుకు అడుగుతున్నారో, కోర్టులో దాఖలైన ఏ కాగితంతో (ఎగ్జిబిట్‌తో) ముడిపడి ఉందో రాయండి. వాయిదాకు వారం ముందు ఆ కాగితం ఆయన బల్ల మీద పెట్టి, "సర్, ఈ అమీన్‌ను నన్ను క్రాస్ చేయనివ్వండి. ప్రశ్నలు ఇవీ. ఏవి కొట్టేయాలో మీరు చెప్పండి" అనండి. మీరు అడిగింది నిర్ణయం కాదు, దిద్దుబాటు. చేతిలో పెన్ను ఉన్న సీనియర్ దిద్దకుండా ఉండలేడు. దిద్దినవాడికి ఆ క్రాస్ ఎలా సాగుతుందో చూడాలనిపిస్తుంది.

ఆయన వెనకాడితే కారణం మీ మీద నమ్మకం లేకపోవడం ఒక్కటే కాకపోవచ్చు. "ఫీజు మీకిస్తే కేసు ఆ అమ్మాయి చేతిలో పెడతారా" అని కక్షిదారు అంటాడన్న భయం చిన్న ఊళ్ల కోర్టులలో చాలామంది సీనియర్లకు ఉంటుంది. అందువల్ల కక్షిదారు ఆఫీసుకు వచ్చినప్పుడు మిమ్మల్ని కూడా కూర్చోబెట్టి, కాగితాలు తయారుచేసింది మీరేనని పరిచయం చేయమని ముందే కోరండి. కేసు వివరాలు మీ నోట విన్న కక్షిదారు మీరు లేచి నిలబడినప్పుడు కంగారుపడడు. ఇంకొక చిన్న సంగతి: ఇంట్లో బాబాయిగారని పిలవండి, ఆఫీసులో సర్ అనండి. ఆ పిలుపు మారితే ఆయనకు కూడా మీతో పని విషయం మాట్లాడడం సులువవుతుంది.

ఇక డబ్బు సంగతి. శిక్షణ ఇచ్చినందుకు జూనియర్ నుంచి సీనియర్ ఏమీ తీసుకోకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 45వ నియమం చెబుతున్నది. జూనియర్‌కు ఇంత ఇవ్వాలని మాత్రం నియమం లేదు. 2024 అక్టోబరులో కౌన్సిల్ పంపిన సర్క్యులర్ నగరాలలో నెలకు 20,000 రూపాయలు, గ్రామీణ ప్రాంతాలలో 15,000 రూపాయలు కనీస స్టైఫండ్‌గా ఇవ్వడం మంచిదని సూచించింది. అది సిఫారసే, ఆదేశం కాదు. ఆ కాగితం తీసుకువెళ్లి చదివి వినిపిస్తే మీ పని చెడుతుంది. అందులోని అంకె మీ మనసులో ఉంటే చాలు. రెండు మూడు క్రాస్‌లు చేసిన తరువాత, మొదట ప్రయాణం, జిరాక్స్, నకళ్ల ఖర్చులు ఏ నెలకు ఆ నెల ఇప్పించమని, ఆపైన నెలకు ఇంత అని ఒక మొత్తం చెప్పి అడగండి. "ఎంతైనా పరవాలేదు సర్" అన్న మాట మాత్రం మీ నోట రాకూడదు. మీరు తెచ్చిన కేసులో మీ వాటా ఎంతో కూడా అదే రోజు తేల్చుకోండి. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత మన ఇళ్లలో రోజూ వినబడేదే. బాబాయిగారు ఎంత మంచివారైనా అమ్మ కాదు కదా.

ఆరు నెలలు ఈ విధంగా ప్రయత్నించినా వాయిదాలు అడగడమే మీ పని అయితే వేరే ఆఫీసు చూసుకోవడం తప్పు కాదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థల కింద 2022లో మొదలైన, ఉచిత సాయం పొందే నిందితుల తరఫున వాదించే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతిలో, ప్రాక్టీసు మొదలుపెట్టి మూడేళ్లలోపు ఉన్నవారికి అసిస్టెంట్ స్థానాలు ఉంటాయి. గౌరవవేతనం నెలనెలా వస్తుంది, సెషన్స్ విచారణలు దగ్గరగా చూడవచ్చు; కాని అది పూర్తికాలపు పని, సొంత కేసులు చేపట్టరాదు. ఎటు వెళ్లినా మంచి మాటతోనే వెళ్లండి. సీనియర్ వకాలత్ ఉన్న కేసులో ఆయన సమ్మతి లేకుండా మీరు హాజరు కాకూడదన్నది 39వ నియమం. జ్యుడీషియల్ సర్వీసు ఆలోచన ఉంటే మరొక కారణం కూడా ఉంది: 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి అయింది. ఆ ప్రాక్టీసును ధ్రువీకరించగలవారిలో పదేళ్ల అనుభవం ఉన్న న్యాయవాది కూడా ఉన్నారు. ఆ సంతకం అడగవలసివస్తే బహుశా మీరు ఈ బాబాయిగారినే అడుగుతారు.

ప్రశ్న: విశాఖపట్నంలో లా చదివి ఆరేళ్లుగా రాయగడలో ప్రాక్టీసు చేస్తున్నాను. ఒడియా మాట్లాడగలను కాని పోలీసు కాగితాలు, భూమి రికార్డులు చదవడానికి చాలాసేపు పడుతుంది. ఒకసారి నిండు కోర్టులో జడ్జిగారు "చదువుకుని రండి" అన్నారు. అప్పటి నుంచి వాదనకు లేవాలంటే గొంతు ఎండిపోతున్నది. తెలుగువాడినన్న చిన్నచూపు ఉందేమో.

జవాబు: చిన్నచూపు ఉండవచ్చు, లేకపోవచ్చు. మీరు రాసిన మేరకు జడ్జిగారి మాటలో భాష ప్రస్తావన లేదు. కాగితం చదవకుండా వచ్చిన ఏ న్యాయవాదితోనైనా అనే మాటే అది. ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైన 1936 నుంచీ ఈ జిల్లాలలో తెలుగు, ఒడియా, కువి, సవర మాటలు ఒకే కచేరీ ఆవరణలో వినబడుతూనే ఉన్నాయి. తెలుగు యాస ఎవరికీ వింత కాదు. అవమానాన్ని జాతి మీదికి నెట్టుకుంటే కాసేపు ఓదార్పు దొరుకుతుందేమో కాని, ఎఫ్‌ఐఆర్ చదివే వేగం పెరగదు.

మీకు నిజంగా అడ్డుపడుతున్నది ఒడియా లిపి కన్నా చేతిరాత అయి ఉంటుంది. రోజుకు ఒక పాత ఎఫ్‌ఐఆర్‌నో వాంగ్మూలాన్నో తీసుకుని మీ చేత్తో తిరగరాయండి. తప్పులు దిద్దడానికి మీ మొహరిర్ (గుమస్తా) కన్నా మంచి గురువు దొరకడు. వయసులో చిన్నవాడైనా సరే, కూర్చోబెట్టి నేర్పించమనండి. భూమి కాగితాలలో తిరిగి తిరిగి వచ్చే మాటలు మౌజా (గ్రామం), ఖాతా, ప్లాట్, కిసం (భూమి రకం), చౌహద్ది (నాలుగు హద్దులు) వంటి కొద్దిపాటివే. వాటికన్నా పెద్ద ప్రమాదం వేరే ఉంది. ఆంధ్రలో చదివినవారికి గిరిజన భూమి అనగానే ఆంధ్ర వారి 1/70 భూబదిలీ చట్టం నోటికి వస్తుంది. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం కనుక ఇక్కడ మీకు కావలసింది గిరిజన భూముల బదిలీపై ఒడిశా వారి 1956 నాటి రెండవ రెగ్యులేషన్, దానికి తరువాత వచ్చిన సవరణలు. అలవాటు కొద్దీ పాత చట్టం పేరు నోరు జారితే యాస కన్నా అదే ఎక్కువ నవ్వులపాలు చేస్తుంది.

గొంతు ఎండిపోవడానికి ఒక ఉపాయం ఉంది. ప్రతి కేసులో మొదటి మూడు వాక్యాలు, అంటే కేసు స్వభావం, ఈ రోజు మీరు కోరుతున్నది, దానికి ఆధారమైన కాగితం, ఒడియాలో గాని ఇంగ్లీషులో గాని రాసుకుని ఇంట్లో గట్టిగా చదవండి. మొదలు సాఫీగా సాగితే తరువాతిది దానంతట అదే నడుస్తుంది. చదవలేని పేరా ఎదురైతే చదివినట్లు నటించకుండా రెండు నిమిషాల సమయం అడగండి. అడిగినందుకు విసుక్కున్న జడ్జి ఉండవచ్చు గాని, తప్పు చదివినందుకు విసుక్కోని జడ్జి ఉండడు.

కోర్టు భాష కాని భాషలో సాక్ష్యం చెబితే, అది న్యాయవాదికి తెలియనప్పుడు ఆయనకు అనువదించి చెప్పాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత (క్రిమినల్ విచారణ పద్ధతుల చట్టం) 314వ సెక్షన్ అంటున్నది. ఒడియా కోర్టు భాషే కనుక ఇది మీ ఒడియా ఇబ్బందికి పనికిరాదు. కువి మాత్రమే తెలిసిన సాక్షి వచ్చిన రోజున మాత్రం అనువాదకుడిని కోరండి. మీకు ఆ భాష కొంచెం వచ్చినా మీ సాక్షికి మీరే దుబాసీ కాకండి.

ప్రశ్న: న్యాయవాదులకు కోచింగ్ ఇస్తామంటూ ఆన్‌లైన్‌లో ఒకరు పెద్ద మొత్తం అడుగుతున్నారు. గెలిచిన కేసుల గురించి రీల్స్ చేయమంటున్నారు. చేరవచ్చా? (జయపురం)

జవాబు: ఆ ఒక్క సలహా చాలు, ఆయనకు మన వృత్తి తెలియదని చెప్పడానికి. న్యాయవాది ప్రకటనల ద్వారా గాని, దళారుల ద్వారా గాని పని వెతుక్కోకూడదని 36వ నియమం నిషేధిస్తున్నది. 2008 సవరణ తరువాత వెబ్‌సైట్‌లో పేరు, చిరునామా, ఎన్‌రోల్‌మెంట్ వివరాలు, అర్హతలు, ప్రాక్టీసు చేసే విభాగాలు పెట్టుకోవచ్చు; గెలుపుల ఊరేగింపు అందులో లేదు. మంచి కోచ్ మీకు సలహాలు కుమ్మరించడు. మీరు వాయిదా వేస్తున్న నిర్ణయం ఏమిటో, ఎందుకు వేస్తున్నారో ప్రశ్నలతో బయటికి లాగుతాడు. వచ్చే నెల కలిసినప్పుడు అది ఏమైందని అడుగుతాడు. ఈ పని మీ బార్‌లోనే నమ్మకమైన సహోద్యోగి కూడా చేయగలడు. ఎవరితో మాట్లాడినా కక్షిదారు చెప్పిన రహస్యం బయటపెట్టకూడదు. భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ కింద ఆ బాధ్యత కేసు ముగిసిన తరువాత కూడా ఉంటుంది, కోచ్‌కు ఫీజు ఇచ్చినంత మాత్రాన తొలగదు.

ప్రశ్న: సిరొంచలో పదిహేనేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. కక్షిదారులలో సగం మంది చుట్టాలే. నది అవతలి నుంచి కూడా వస్తారు. "మనోడివే గదా, తర్వాత చూస్కుందాం" అంటారు, ఆ తర్వాత అంటూ రాదు. బ్యారేజీ నీళ్లకు భూములు పోయిన రైతులు కొందరు పరిహారంలో పది శాతం ఇస్తామంటున్నారు. రాత్రి పది దాటినా ఇంటికి వస్తారు. నా భార్య విసిగిపోయింది.

జవాబు: ముందు ఆ పది శాతం సంగతి. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు నిర్ణయించుకోవడాన్ని, వచ్చిన దానిలో వాటా తీసుకోవడాన్ని 20వ నియమం నిషేధిస్తున్నది. అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద ఫిర్యాదు వస్తే మందలింపు నుంచి జాబితాలో పేరు తొలగింపు దాకా శిక్ష ఉండవచ్చు. మేడిగడ్డ బ్యారేజీ వెనుక నీళ్లతో సిరొంచ తాలూకా రైతులు పడిన ఇబ్బంది చిన్నది కాదు. వారి కేసులు తప్పక చేయండి, దశలవారీగా ముందే చెప్పిన ఫీజుకు చేయండి. పరిహారం చేతికందిన రోజున పది శాతం లెక్క దగ్గర తగవు వస్తే, మీ చేతిలో చూపించుకోదగిన కాగితం ఒక్కటి కూడా ఉండదు.

చుట్టాల విషయంలో మీ కష్టం వాళ్లు ఇవ్వకపోవడం వల్ల వచ్చింది కాదు, మీరు చెప్పకపోవడం వల్ల వచ్చింది. ఎంత ఇవ్వాలో తెలియనివాడికి బాకీ ఉన్నట్లు అనిపించదు. ఒక పేజీ కాగితం తయారుచేసుకోండి: దాఖలుకు ఇంత, సాక్ష్యానికి ఇంత, వాదనకు ఇంత, కోర్టు ఫీజు, నకళ్లు, గడ్చిరోలి ప్రయాణం, హైకోర్టు నాగపూర్ బెంచ్‌కు వెళ్లవలసివస్తే ఆ ఖర్చు వేరు. గడ్చిరోలి రెండు వందల కిలోమీటర్లకు పైగా ఉన్నప్పుడు ఆ రోజు మీకు ఇంకే పనీ సాగదన్న సంగతి కక్షిదారుకు కూడా తెలుసు, చెబితే కాదనడు. మీ ప్రాంతంలో ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో మరాఠీ చదివినవారే ఎక్కువ కాబట్టి ఆ కాగితం మరాఠీలో ఉండనివ్వండి, మాట మాత్రం తెలుగులో చెప్పండి. "మామా, కేసు నేను చూస్త. ఇవ్వాళ దాఖలుకు ఇంత అయితది, ఇగ సాక్ష్యం నాడు ఇంత. ఇప్పుడు ఎంత ఇయ్యగలవు?" అని అడిగి ఊరుకోండి. ఆ తరువాతి మౌనాన్ని మీరే భరించలేక "సరే, తర్వాత చూద్దాం" అనకండి. మీ పదిహేనేళ్ల బాకీలలో చాలా భాగం ఆ ఒక్క వాక్యంలోనే పోయి ఉంటుంది. తీసుకున్న డబ్బుకు లెక్క, రసీదు ఉండాలన్నది ఎలాగూ నియమమే.

ఉచితంగా చేయడం మానమని చెప్పడం లేదు. పేదవారికి ఉచితంగా సాయపడడం న్యాయవాది కర్తవ్యమని 46వ నియమమే అంటున్నది. కాని మీరు ఇప్పుడు ఉచితంగా చేస్తున్నది పేదలకా, చుట్టాలకా అన్నది ఒకసారి జాబితా రాసి చూసుకోండి. ట్రాక్టరు ఉన్న మేనమామకు మాఫీ చేసి, కూలి మనిషి దగ్గర పూర్తి ఫీజు తీసుకున్న సందర్భాలు అందులో తేలవచ్చు. మహిళలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో సంబంధం లేకుండా 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం కింద ఉచిత సాయానికి అర్హులు. అటువంటివారిని తాలూకా కమిటీకి పంపవచ్చు.

రాత్రివేళల గురించి మీ భార్యతో కూర్చుని ఒక సమయం నిర్ణయించండి. ఆ ఇల్లు ఆమెది కూడా కనుక ఆమె మాటకు సగం విలువ ఉండాలి. అరెస్టు, బెయిలు తప్ప ఏ సంగతైనా ఆ సమయం దాటితే పొద్దున్నే ఆఫీసులోనే. మొదటి నెల కొందరు మొహం మాడ్చుకుంటారు. ఒకరిద్దరు వేరే వకీలు దగ్గరికి వెళ్తారు కూడా. వెళ్లనివ్వండి.

ప్రశ్న: బరంపురంలో పద్దెనిమిదేళ్లుగా క్రిమినల్ కేసులు చేస్తున్నాను. ఇటీవల ఒక సెషన్స్ కేసులో నా కక్షిదారుకు యావజ్జీవ శిక్ష పడింది. అతడు నిర్దోషి అని నా నమ్మకం. నెల దాటినా నిద్ర లేదు, మద్యం అలవాటవుతున్నది. వృత్తి మానేద్దామా అని ఉంది.

జవాబు: వృత్తి గురించిన నిర్ణయం ఇప్పుడు తీసుకోకండి. నెల రోజులుగా నిద్ర లేకపోవడం, దానికి మందు తోడవడం కోచ్ చూడవలసిన సంగతి కాదు, డాక్టరు చూడవలసిన సంగతి. మీ ఊళ్లోనే ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అక్కడి మానసిక వైద్యులను కలవండి. బార్‌లో ఎవరైనా చూస్తారని సంకోచమైతే ముందు మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 నంబరుకు ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఇది ఈ వారమే చేయండి.

రెండవ పని అప్పీలు. హైకోర్టుకు అప్పీలు గడువు శిక్ష పడిన నాటి నుంచి అరవై రోజులు. తీర్పు నకలుకు పట్టిన కాలం అందులో మినహాయింపు. నెల దాటిందన్నారు కనుక నకలు అందిందో లేదో, జైలులో వకాలత్ మీద సంతకం అయిందో లేదో రేపే చూడండి. కటక్‌లో న్యాయవాదిని పెట్టుకునే స్తోమత ఆ కుటుంబానికి లేకపోతే హైకోర్టు న్యాయసేవల కమిటీకి దరఖాస్తు పెట్టించండి. తరువాత, విచారణలో మీకు బలహీనంగా తోచిన చోట్లు, సాక్షుల మాటలలోని తేడాలు, మీరు అడగాలనుకుని అడగని ప్రశ్నలు అన్నీ రాసి అప్పీలు న్యాయవాదికి పంపండి. నిద్ర పట్టని రాత్రుల్లో మీ బుర్రలో తిరుగుతున్నవి ఇవే కదా. కాగితం మీద పెడితే అవతలి మనిషికి పనికివస్తాయి. ఈ రెండూ అయిన తరువాత కూడా వృత్తి మానాలనిపిస్తే మళ్లీ రాయండి, అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం.

ప్రశ్న: ధర్మాబాద్‌లో ఉంటున్నాను, మహారాష్ట్ర, గోవా బార్ కౌన్సిల్‌లో నమోదయ్యాను. నిజామాబాద్‌లో కేసులు వస్తున్నాయి. తెలంగాణలో కూడా నమోదు చేసుకోవాలా?

జవాబు: రెండు చోట్ల నమోదు కుదరదు, అడ్వకేట్స్ చట్టం 17వ సెక్షన్ దానిని నిషేధిస్తున్నది. అవసరం కూడా లేదు. 2011 జూన్ 15 నుంచి అమలులోకి వచ్చిన 30వ సెక్షన్ దేశంలోని ఏ కోర్టులోనైనా ప్రాక్టీసు చేసే హక్కు ఇచ్చింది. అయితే 34వ సెక్షన్ కింద ఆయా హైకోర్టులు నిబంధనలు చేసుకోవచ్చు. కొన్నిచోట్ల స్థానిక న్యాయవాదితో కలిసి హాజరు కావాలని ఉంటుంది కనుక వకాలత్ వేసే ముందు అక్కడి కోర్టు ఆఫీసులో అడిగి తెలుసుకోండి. మకాం పూర్తిగా మార్చదలిస్తే 18వ సెక్షన్ కింద జాబితా బదిలీకి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు దరఖాస్తు పెట్టాలి. దానికి రుసుము లేదు, మీ సీనియారిటీ పోదు. మీ మీద క్రమశిక్షణ విచారణ ఏదైనా పెండింగులో ఉంటే మాత్రం అది తేలేదాకా బదిలీ కష్టం.